కాళ్ల నాడి చూసింది నేను కాదు

చెవులు మందగించి, స్టెతస్కోపులో వినేదాని మీద నాకే నమ్మకం పోయాక నేను ప్రాక్టీసు ఆపేశాను. డాక్టరుకు అది ఇంట్లో కూర్చునే వయసు కాదు. కానీ అనుమానంతో వినే చెవి కంటే వినకపోవడమే నయం.

జగిత్యాల, సిరిసిల్ల వైపు కొత్తగా పోస్టింగు వచ్చిన డాక్టరు పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. టీ తాగుతూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఆ సిరిసిల్ల శంకర్ కేసు మీరెట్ల పట్టుకున్నరు?" ఇన్నేళ్లూ నేను చిన్నగా నవ్వి, "అనుభవం" అనేవాణ్ణి.

ఆ కేసు పట్టుకున్నది నేను కాదు. కోరుట్ల డాక్టర్ రాజేశ్వర్. నేను అడ్డం పడ్డాను, ఆ తర్వాత పేరు తీసుకున్నాను, ఆ తర్వాత అంతకంటే పెద్ద తప్పు చేశాను. అది వరుసగా రాయాలనే ఈ పని పెట్టుకున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటి వల్ల మీకు వచ్చేదేమీ లేదు.

ముందు జబ్బు సంగతి

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటాం. అది తలకూ చేతులకూ కొమ్మలిచ్చి కిందికి వంగుతుంది. కొందరికి ఆ వంపు దాటిన చోట పుట్టుకతోనే నొక్కిపట్టినట్టు సన్నగా ఉంటుంది. కాలువ మధ్యలో గట్టు కూలిందనుకోండి. పై మడి పొంగి పొర్లుతుంది, కింది మడి నెర్రెలిస్తుంది. ఇదీ అంతే. తలలో, చేతుల్లో రక్తపు ఒత్తిడి ఎక్కువ. కాళ్లకు చేరేది తక్కువ, అదీ ఆలస్యంగా.

మరీ సన్నగా ఉంటే పుట్టిన కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. పిల్ల పాలు సరిగా తాగదు, తాగితే చెమటలు, డొక్కలెగరేస్తుంది, బరువు పెరగదు. కాళ్లు చల్లగా, పాలిపోయి ఉంటాయి. కొంచెం దారి ఉన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. వాళ్లకు తలనొప్పి, ముక్కులోంచి రక్తం, చిన్న వయసులోనే బీపీ. నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, ఆగితే పోతుంది. పై శరీరం పహిల్వానులా ఉండి కాళ్లు సన్నగా ఉండవచ్చు. వీపు మీద రెక్కల మధ్య స్టెతస్కోపు పెడితే బుస్సుమనే చప్పుడు వినిపించవచ్చు. కొందరికి ఏదీ ఉండదు.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. పుస్తకంలో లేనిదొకటి చెప్తాను. మా దగ్గర ఈ లక్షణాల్లో ప్రతిదానికీ ఊళ్లో ముందే ఒక జవాబు తయారుగా ఉండేది. ముక్కులో రక్తం వస్తే వేడి చేసింది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. అక్కడివాడికి తలనొప్పి వస్తే సాంచాల మోత. పిక్కలు గుంజితే పొద్దంతా నిలబడి పని చేసినందుకు. రోగి జబ్బుతో పాటు దాని కారణం కూడా తనే చెప్పేవాడు, మేం రాసుకునేవాళ్లం.

ఇంకొకటి, ఆ రోజులకే చెందినది. అన్నలు, అంటే నక్సలైట్లు, ఒక పక్క, పోలీసులు ఒక పక్క. మా ఓపీ వరండాలో మఫ్టీలో ఒకాయన కూర్చునేవాడు. ఎవరో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. వయసులో ఉన్న ఏ పిల్లాడూ ఆయన వినేట్టు "నడిస్తే కాళ్లు నొస్తున్నయి సార్" అనడు. అంటే మరుక్షణం ప్రశ్న వస్తుంది: "ఎటు నడుస్తున్నవ్? ఎవలతోని నడుస్తున్నవ్?" అందుకని మా దవాఖానాలో కుర్రవాళ్లందరి కాళ్లూ బాగానే ఉండేవి.

కోరుట్ల బస్సు

రాజేశ్వర్ కాలేజీలో నాకంటే ఒక ఏడు జూనియర్. నా పక్క గదిలో ఉండేవాడు, నన్ను అన్నా అనేవాడు. ఇద్దరం జనరల్ మెడిసినే చదివాం. నేను జగిత్యాల సర్కారు దవాఖానాలో చేరాను. ఆయన కోరుట్లలో కిరాణా దుకాణం పక్కన రెండు గదులు తీసుకుని బోర్డు పెట్టుకున్నాడు.

జగిత్యాల పెద్ద ఊరు. కోరుట్ల వాళ్లు మా ఊరికి రావాలి గాని మా ఊరివాళ్లు కోరుట్ల పోవడం ఏమిటి? కానీ పోయేవాళ్లు. ఒకరోజు నేను బస్సులో కోరుట్ల పోతుంటే నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"జగిత్యాల్ల పెద్ద సారు ఉండంగ గింత దూరం ఏందే?"

"పెద్ద సారు మనిషిని సూడడే అక్కా, చీటీని సూత్తడు. కోరుట్ల సారు మనం చెప్పేది ఇంటడు."

ఆ పెద్ద సారు వెనక సీట్లోనే ఉన్నాడని వాళ్లకు తెలియదు. దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నుంచి, నిజం చెప్పాలంటే, రాజేశ్వర్ కేసు ఏదైనా చెడిందని వింటే నాకు అన్నం రుచిగా ఉండేది.

మా సూపరింటెండెంటు ముక్కుసూటి మనిషి, ఈ సంగతి కనిపెట్టాడు. "డాక్టర్లు ఒకరినొకరు చూసి కుళ్లుకుంటె రోగికి లాభమేనయ్యా. రెండో డాక్టరు ఇంకింత గట్టిగ చూస్తడు," అని నవ్వేవాడు. ఆయన మాట ఒకసారి నిజమైంది. అదే నన్ను చెడగొట్టింది.

మేడిపల్లి పిల్ల

మేడిపల్లి నుంచి ఒక కూలీ జంట పసిపిల్లను తెచ్చారు. అప్పటికే కోరుట్లలో చూపించారు. రాజేశ్వర్ న్యుమోనియా అని మందులిచ్చాడు, తగ్గలేదు. ఆయన పేరు వినగానే నాలో ఏదో లేచి కూర్చుంది. మామూలుగా పిల్లల కేసైతే పిల్లల డాక్టరుకు పంపేవాణ్ణి. ఆ రోజు పంపలేదు. నేనే బట్టలన్నీ విప్పించి, తల నుంచి కాలి వేళ్ల దాకా చూశాను. చేతి నాడి గట్టిగా కొడుతోంది. గజ్జల్లో వేలు పెడితే ఏమీ తగల్లేదు. పాదాలు మంచులా ఉన్నాయి.

నేను పట్టుకున్నాను. ఆ పట్టుకోవడం నాది, అందులో అబద్ధం లేదు. హైదరాబాదుకు రాసి పంపాను. పిల్ల దారిలోనే పోయింది.

ఆ సాయంత్రం నాకు కలిగింది దుఃఖం కాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

రాజేశ్వర్‌కు కబురు నేనే చేయించాను, ఆయన తప్పు ఆయనకు తెలియాలని. మర్నాడే స్కూటర్ మీద వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. "అన్నా, నేను కాళ్లు ముట్టనే లేదు. ఎట్ల చూడాల్నో చూపియ్యి," అన్నాడు. వార్డులో ఒక రోగి దగ్గర నిలబెట్టి చూపించాను. ఒక చెయ్యి మణికట్టు మీద, ఒక చెయ్యి గజ్జల్లో. రెండూ ఒక్కసారే కొట్టాలి. కిందిది వెనకబడితే అనుమానించు, అసలే తగలకపోతే ఇంకా అనుమానించు. గట్టిగా నొక్కకు, నొక్కితే నీ వేలిలోని నాడే నీకు తగులుతుంది. ఈ మాటలు నావే.

ఆ తర్వాత ఆయన జ్వరమని వచ్చినవాడికి కూడా కాళ్ల నాడి చూడకుండా వదల్లేదు. జనం నవ్వేవాళ్లు. "కాళ్ల నాడి సారు" అని పేరు పడింది. నేను నేర్పిన పని ఆయన రోజూ చేశాడు. నేను నేర్పి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆ పేరు మీద కూడా నాకు కడుపు మండింది. ఆ పేరు నాకు రావాల్సింది కదా అని.

శంకర్

శంకర్ సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుడు. పెళ్లి కాలేదు. తండ్రి లేడు, తల్లి లచ్చవ్వ బీడీలు చేసేది. జగిత్యాలలో మేనమామ ఉంటే అక్కడికొచ్చి నా ఓపీలో చూపించుకున్నాడు. ఛాతీ, భుజాలు చూస్తే కుస్తీ పట్టేవాడిలా ఉన్నాడు.

"ఏమైతుంది?"

"తలకాయ పలుగుతది సార్. ముక్కుల నుంచి రక్తం అత్తది. వేడి చేసింది."

"కల్లు తాగుతవా?"

"పండుగకు."

"కాళ్లు గిట్ల నొస్తయా?"

వరండా వైపు ఒకసారి చూశాడు. "కాళ్లకేంది సార్, మంచిగున్నయి."

బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఆ వయసులో ఎందుకుంటుందని ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. గోలీలు రాశాను. రెండోసారి వచ్చినప్పుడూ అంతే ఉంటే, గోలీలు వేసుకోవడం లేదని తిట్టాను. మూడోసారి అతను రాలేదు, కోరుట్ల పోయాడు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత శంకరే చెప్పాడు. రాజేశ్వర్ కాళ్ల మాటే ఎత్తలేదట. "కొండగట్టు గుడికి పోయినవారా?" అని అడిగాడట.

"ఏటా పోతం సార్."

"మెట్లెక్కేటప్పుడు యాడ కూసుంటవ్?"

శంకర్ సిగ్గుపడి నవ్వాడట. "అడుగడుక్కు కూసుంట సార్. పిక్కలు రాళ్ల లెక్క అయితయి. మా అవ్వ నాకంటె ముందు ఎక్కి, పైనుంచి ముసలోడా రా అని పిలుస్తది."

ఆ తర్వాత రాజేశ్వర్ తలుపు వేసి, లుంగీ వదులు చేయించి, రెండు చేతులూ రెండు చోట్ల పెట్టి చూశాడు.

ఆదివారం పూట శంకర్‌నీ తల్లినీ వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. సర్కారు డాక్టరు రాస్తేనే హైదరాబాదు పెద్దాసుపత్రిలో చేర్చుకునేవాళ్లు. "అన్నా, కాళ్ల నాడి అందుతలేదు. అందినా ఎనుక పడుతుంది. మేడిపల్లి పిల్లదే జబ్బనిపిస్తుంది. ఒకసారి నువ్వు చూసి రాయి," అన్నాడు. లచ్చవ్వ చేతులు జోడించి నిలబడింది.

రెండుసార్లు నేను చూసి పంపిన రోగి. నా మందు చీటీ ఆమె చేతిలోనే ఉంది. శంకర్‌ను పడుకోబెట్టి గజ్జల్లో వేళ్లు పెట్టాను. మొదట ఏమీ తగల్లేదు. రాజేశ్వర్ నా వేళ్లకేసే చూస్తున్నాడు. ఇంకొంచెం నొక్కాను. ఇంకా నొక్కాను. టకటకా తగిలింది.

"ఉన్నది గదా!" అన్నాను.

"అన్నా, జర మెల్లగ పట్టి చూడు. నీ వేలిది కావచ్చు."

"నాకు నేర్పుతున్నవా? నీకు నేర్పిందెవరు?"

రోగి ముందు ఆ మాట అనకూడదు. ఆయన మొహం ఎర్రబడింది. అయినా, "పోనీ ఒక్క ఎక్స్‌రే తీయించన్నా," అన్నాడు. "సాంచాలోళ్ల తలనొప్పులకు ఎక్స్‌రేలు తీస్తె ఫిల్ము ఎక్కడ సరిపోతది?" అని నేను నవ్వాను.

బయటికి వెళ్లాక కరీంనగర్‌లో తీయిస్తానని రాజేశ్వర్ బతిమాలాడు. లచ్చవ్వ ఒప్పుకోలేదు. "పెద్ద దవాఖాన సారే ఏం లేదనవట్టె," అంది. నా మాట మీద అంత నమ్మకం అంతకు ముందు నాకెవరూ చూపించలేదు.

ఎక్స్‌రే

కొన్ని వారాల తర్వాత శంకర్‌కు పని చేస్తుండగా ముక్కులోంచి రక్తం కట్టలు తెంచుకుంది. మేనమామ మళ్లీ మా దగ్గరికే తెచ్చాడు. ముక్కులో గుడ్డ కుక్కి ఆపాక, ఎవరూ చూడకుండా మళ్లీ గజ్జల్లో వేళ్లు పెట్టాను. ఈసారి మెల్లగా. ఏమీ లేదు. మణికట్టు దగ్గర సమ్మెట దెబ్బల్లా ఉంది, కింద ఏమీ లేదు. ఎక్స్‌రేలో పక్కటెముకల కింది అంచులు ఎలుక కొరికినట్టు గాట్లు పడి ఉన్నాయి. దారి మూసుకున్న రక్తం పక్కదారుల్లో పోతూ ఎముకను ఒరుసుకున్న గుర్తులవి.

అప్పుడైనా రాజేశ్వర్ పేరు రాయాల్సింది. హైదరాబాదుకు పంపిన కాగితంలో "నేను కనుగొన్నాను" అని రాశాను. ఆపరేషన్ బాగా జరిగింది. అక్కడి ప్రొఫెసరు, జిల్లాలో ఉండి దీన్ని పట్టుకున్నందుకు మెచ్చుకుంటూ మా సూపరింటెండెంటుకు ఫోను చేశాడు. ఒక విలేకరి వచ్చి ఫొటో తీసుకున్నాడు. రాజేశ్వర్ ఎక్కడా నోరు విప్పలేదు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు శంకర్ నన్ను చూడ్డానికి వచ్చాడు. చొక్కా విప్పించి, వీపు మీద నుంచి పక్కకు తిరిగిన కుట్ల మచ్చను హౌస్ సర్జన్లకు చూపించాను. అందరూ చుట్టూ చేరారు. నేను అరగంట మాట్లాడాను. అతని చేతికి బీపీ పట్టీ మాత్రం చుట్టలేదు.

పోతూ పోతూ అడిగాడు: "సార్, అక్కడిచ్చిన గోలీలు ఇంకా ఏసుకోవాల్నా?"

"ఇంకెందుకురా? నీ జబ్బు పోయింది," అన్నాను, హౌస్ సర్జన్లు వినేట్టు.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పెద్దయ్యాక ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి బీపీ పోదు. కాలువ బాగైనా, ఏళ్ల తరబడి ఒత్తిడి మోసిన నాళాలు మునుపటిలా మారవు. బతికినంతకాలం చూడాలి, రెండు చేతులకూ, ఒక కాలికీ. మెదడులోని నాళాలు కొందరిలో ముందే పలచబడి ఉంటాయి. నాకు ఇది తెలియక కాదు. ఆ గదిలో అంతమంది నన్ను చూస్తుంటే, జబ్బు ఇంకా మిగిలి ఉందని చెప్పబుద్ధి కాలేదు.

కరీంనగర్ మీటింగు

ఆ మరుసటి ఏడు కరీంనగర్‌లో డాక్టర్ల మీటింగులో ఆ కేసు చెప్పమన్నారు. ఎక్స్‌రేను లైటు పెట్టె మీద పెట్టి చెప్పాను. నేను చూశాను, నాకు అనుమానమొచ్చింది, నేను పంపాను. రాజేశ్వర్ వెనక వరసలో ఉన్నాడు. చప్పట్లయ్యాక ప్రశ్నలడిగారు. చివరికి ఆయన లేచాడు. ఇక నిజం బయటపడుతుందనుకున్నాను.

"అన్నా, శంకర్ ఇప్పుడెట్లున్నడు?"

హాల్లో ఇంకెవరూ అడగని ప్రశ్న అది.

"బాగున్నడు."

"బీపీ?"

"నార్మల్."

"సంతోషం అన్నా," అని కూర్చున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు, మొహంలో కనిపించింది. ఆ సంతోషం చూసి కూడా నాకు మండింది. నాకు దక్కిన చప్పట్ల కంటే అది పెద్దదిగా ఉంది.

రెండు అబద్ధాలూ లోపల కుదురుగా ఉండలేదు. తర్వాతి ఆదివారం దవాఖాన జీపు తీసుకుని సిరిసిల్ల పోయాను. జీపు గల్లీలోకి తిరగగానే ఒక్కొక్క తలుపే మూసుకుంది. ఆ రోజుల్లో జీపంటే అంతే. సాంచాలు మాత్రం ఆగలేదు.

"పోలీసులం కాదమ్మా! జగిత్యాల దవాఖాన నుంచి," అని అరిచాను.

లచ్చవ్వ తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టింది. "ఇప్పుడత్తివా సారూ," అంది.

శంకర్ సాంచ దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడట. అవ్వా తలకాయ పలుగుతుందే అన్నాడట. కక్కుకున్నాడు, పడిపోయాడు. దవాఖానాకు చేరేలోపే పోయాడు. దినాలు కూడా అయిపోయాయి. నేను కరీంనగర్‌లో మాట్లాడిన నాటికే అతను లేడు.

"గోలీలు..." అన్నాను.

"మీరు చెప్పినట్టే ఇన్నడు సారూ," అంది ఆమె, కొడుకు మంచితనం నాకు చెప్తున్నట్టు. "మీరు వద్దన్నంక ఒక్క గోలీ ముట్టలే."

డ్రైవరును జగిత్యాలలో ఆగొద్దని చెప్పి నేరుగా కోరుట్ల పోయాను. రాజేశ్వర్ గది నిండా జనం. నేను లోపలికి పోయి, నిలబడే చెప్పాను. ఆయన చేతిలోని స్టెతస్కోపును బల్ల మీద పెట్టాడు.

"బీపీ ఎవలు చూసిన్రు ఇన్ని దినాలు?"

"ఎవరూ చూడలే."

రాజేశ్వర్ మెల్లగా అన్నాడు: "ఆపరేషన్ అయినంక ఇక్కడికి అచ్చిండన్నా. చెయ్యి పట్టి బీపీ చూద్దామనుకున్న. నీ పేషెంట్ గదా, నేను ముట్టుకుంటె నీకెట్లనిపిస్తదో అని, అన్నకే చూపియ్యి పో అని పంపిన."

ఒక్క తిట్టు తిట్టినా తేలికయ్యేది. తిట్టలేదు. "అవ్వ ఒక్కతే ఉన్నదా ఇంట్ల? ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. నేను చూడలేదు. ఆ ఇంటి గడపలో నిలబడి కూడా నేను చూడలేదు.

ఆయన కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, "మల్ల రాన్రి, నేను సిరిసిల్లకు పోయత్త," అని స్కూటర్ తీశాడు. అంతమందిలో ఒక్కరూ విసుక్కోలేదు. నేను ఆ మెట్ల మీదే మిగిలాను. అందరి ముందూ ఏడ్వగలిగినందుకు కూడా నాకు ఆయన మీద అసూయే కలిగింది.

బెంచీ మీద కూర్చున్న ముసలాయన నా వైపు జరిగాడు. "సారుకు సొంతోళ్లెవలన్న పోయిన్రా?"

"అవును."

నా మొహంలోకి చూశాడు. "మీకు కూడ ఏమన్న అయితడా?"

"నాకేం కాడు," అన్నాను. "సారు పేషెంట్."